పడకుండా ఐకిడో నేర్చుకునే విధానం

జపాన్ యుద్ధవిద్య ఐకిడోని ఎలా మొదలుపెట్టాలని రాయచూరు జిల్లా అరకేర వైపు కుర్రాళ్ళు ఈమధ్య నన్ను అడుగుతున్నారు. అడగనివాళ్ళకి కూడా చెబుతున్నాను. నాకు ఐకిడో రాదు, అందుకే నా మాటలో పక్షపాతం ఉండదు. వచ్చినవాణ్ణి అడిగారనుకోండి, తనకి తెలిసినంత మటుకు చెప్పి ఊరుకుంటాడు. రానివాడికి అలాంటి హద్దులేమీ ఉండవు.

ముందు మన నేల సంగతి చూసుకోవాలి. రాయచూరు జిల్లా అంటే కృష్ణకీ తుంగభద్రకీ నడుమనున్న అంతర్వేది. ఈ గడ్డ కోసం విజయనగరం వాళ్ళూ, బహమనీలూ, వాళ్ళ తర్వాత బీజాపూరు సుల్తానులూ తరాల తరబడి కొట్టుకున్నారు. 1520లో కృష్ణదేవరాయలు రాయచూరు కోట గెలిచాడు. ఆ రోజుల్లోనే విజయనగరం చూడవచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాయలవారి దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే లేచి నువ్వులనూనె తాగేవాడట. ఒంటికి అదే నూనె పట్టించుకుని, బరువులెత్తి, కత్తి తిప్పి, తన మల్లుల్లో ఒకడితో కుస్తీ పట్టి, ఆ తర్వాత గుర్రమెక్కేవాడట. ఇందులో మనకు పనికొచ్చేది నూనె ఒక్కటే. మిగతావన్నీ రోజూ చెయ్యాల్సినవి. నూనె తాగడం ఒక్కపూట పని. తాగి చూడండి, ఆ పూట సాధనకు వెళ్ళే అవసరం ఎలాగూ ఉండదు.

కుస్తీ ఈ జిల్లాలో ఇంకా బతికే ఉంది. ఏరువాక పున్నమికి, కన్నడం వాళ్ళ కారహుణ్ణిమెకి, రాయచూరులో మున్నూరు కాపు సమాజం వాళ్ళు ముంగారు పండగ చేస్తారు. ఎడ్లు బండరాళ్ళు లాగుతాయి, మనుషులు గుండ్లెత్తుతారు, కుస్తీ పడతారు. కుస్తీలో వీపు మట్టికి ఆనిందా, ఓడినట్టే. గెలిచినవాణ్ణి భుజాల మీద ఊరేగిస్తారు, మట్టి దులుపుకుంటూ లేచినవాణ్ణి ఎవరూ పలకరించరు. ఈ ఒక్క సూత్రం పట్టుకోండి, నా సలహాలన్నీ దాని వెనకాలే వస్తాయి. మనిషన్నవాడు పడకూడదు.

ఐకిడో వాళ్ళ పద్ధతి దీనికి తలకిందులు. ఫీజు కట్టించుకుని మొదటిరోజే పడమంటారు. వెనక్కి పడటం, ముందుకు దొర్లడం, లేచి మళ్ళీ పడటం. దానికి ఉకెమి అని ఒక పేరు కూడానూ. ఆ తర్వాత ఇద్దరేసి జత కట్టిస్తారు. ఒకడు వచ్చి చెయ్యి పట్టుకోవడమో నెత్తిన కొట్టబోవడమో చేస్తాడు, వాడు ఉకే. రెండోవాడు వాణ్ణి తిప్పి కింద వేస్తాడు, వాడు తోరి. కొన్నిచోట్ల నాగే అంటారు. ఒకడు నాలుగుసార్లు వేస్తే, తర్వాత నాలుగుసార్లు రెండోవాడి వంతు. అంటే క్లాసులో సగంసేపు మీరు పడుతూనే ఉంటారు. కట్టిన ఫీజులో సగం పడటానికే పోతుంది. ఈ లెక్క తెలిస్తే మన తెలుగువాళ్ళ వలస క్యాంపుల్లో ఏ తండ్రీ కొడుకుని పంపడు. మన తాతలు కోస్తా నుంచి వచ్చి తుంగభద్ర ఎడమకాలవ కింద సింధనూరు, మాన్వి వైపు నల్లరేగడిని మళ్ళు చేశారు. నారాయణపుర కుడికాలవ వచ్చాక దేవదుర్గ వైపు కూడా నీళ్ళు పారాయి. ఇంత చేసినవాళ్ళు ఎక్కడా పడలేదా అంటే, పడే ఉంటారు. పడినట్టు ఎవరికీ చెప్పలేదు. అదీ మన సంప్రదాయం.

చూడ్డానికి వెళ్ళకండి

డోజో అంటే సాధన చేసే చోటు. మనకు దగ్గర్లో కావాలంటే ఇటు హైదరాబాదో అటు బెంగళూరో పోవాలి. పోయినా సరే, చేరే ముందు ఒక క్లాసు చూస్తామని మాత్రం అడగకండి. మంచి డోజోల్లో కొత్తవాణ్ణి ఓ పక్కన కూర్చోబెట్టి క్లాసంతా చూడనిస్తారు, కాఫీ ఖర్చు కూడా ఉండదు. అక్కడే ఉంది ప్రమాదం. చూశారంటే లేనిపోని సంగతులు కంటబడతాయి. పాతవాడు కొత్తవాణ్ణి మెల్లగా దించుతున్నాడా, విసిరేస్తున్నాడా? నొప్పికి చెయ్యి తట్టినవాణ్ణి వెంటనే వదులుతున్నారా? యాభై దాటినవాళ్ళూ ఆడవాళ్ళూ చాప మీద కనిపిస్తున్నారా, లేక కండలు తిరిగిన కుర్రాళ్ళే మిగిలారా? ఎంతమంది మోకాలికి పట్టీ కట్టుకుని కుంటుతున్నారు? ఇవన్నీ గమనించాక మీ ఉత్సాహం మీద ఎవరో నీళ్ళు చల్లినట్టవుతుంది, లేదా ఆ డోజో నిజంగానే మంచిదని తేలి చేరాల్సొస్తుంది. రెండూ మనకొద్దు.

సెన్సేని, అంటే గురువుని, మీరెవరి దగ్గర నేర్చుకున్నారని అడగడం మరీ అమర్యాద. పెళ్ళి సంబంధమంటే ఇంటిపేరు, గోత్రం, మేనమామ వ్యాపారం, పొలం సర్వే నంబరు దాకా కూపీ లాగుతాం. అది వేరు. అక్కడ పిల్లనిస్తున్నాం, ఇక్కడ మెడ ఒక్కటేగా ఇస్తున్నది. ఐకిడోలో ఈ కూపీ లాగడం చాలా తేలిక, అందుకే చెయ్యకూడదంటున్నాను. ఐకికాయ్ అనే మూలసంస్థలో మొదటి బ్లాక్ బెల్ట్ దగ్గర్నుంచి ప్రతి దాన్, అంటే ప్రతి మెట్టూ, టోక్యోలోని హొంబు డోజోలో నమోదవుతుంది, పత్రం డోషు పేరున వస్తుంది. డోషు అంటే ఆ మార్గానికి పీఠాధిపతి. ఇప్పుడున్నది మూడో డోషు మొరితెరు ఉయెషిబా, స్థాపకుడి మనవడు. ఐకికాయ్ కాని శాఖలూ ఉన్నాయి. గోజో షియోదా యోషిన్‌కాన్ పెట్టాడు, కొయిచి తొహెయి 1974లో ఐకికాయ్ నుంచి విడిపోయాడు. ఎవరి శాఖ వాళ్ళది, ఎవరి వరస వాళ్ళది. ఏ సెన్సే అయినా తన గురువు పేరు అడిగితే ఒక్క ముక్కలో చెప్పగలడు. చెప్పకుండా మాట దాటేసి హిమాలయాలు, స్వప్నదర్శనం అంటూ మొదలుపెట్టినవాడి దగ్గరే చేరండి. కథలు బాగుంటాయి.

గురువెందుకు, ఫోనుండగా

అసలు అంత దూరం పోవాల్సిన పనేముంది? ఫోనులో అన్నీ ఉన్నాయి. ఐకిడో స్థాపకుడు మొరిహెయి ఉయెషిబా 1883 డిసెంబరు 14న జపాన్‌లోని తనబెలో పుట్టాడు. మనిషి పొట్టి, అయిదడుగుల పైన ఓ రెండు మూడు వేళ్ళు. 1915లో హొక్కయిడోలో తకెదా సొకాకు అనే కఠినమైన గురువు దొరికితే ఆయన దగ్గర దయితో-ర్యు జుజుత్సు నేర్చాడు. ఆపైన ఈటె, కత్తి సాధన, ఒమోటో మతం, వ్యవసాయం, టోక్యోలో పాఠాలు. 1942కి గాని ఐకిడో అన్న పేరు స్థిరపడలేదు. 1969 ఏప్రిల్ 26న పోయాడు. 1915 నుంచి 1969 దాకా ఎంత కాలమో మీరే లెక్కవేసుకోండి, నేను వెయ్యను. లెక్కేస్తే నా సలహాకి దెబ్బ.

ఆయన వీడియోలు రెండు రకాలు దొరుకుతాయి. 1935లో అసాహి పత్రికవాళ్ళు ఒసాకాలో తీసిన ఫిల్ము ఒకటి. అందులో నడివయసు మనిషి, గట్టి పట్టు, చురుకైన అడుగు, మెడలు వంచి కింద నొక్కడం. చూస్తుంటేనే చెమట పడుతుంది, వదిలెయ్యండి. రెండోరకం చివరి రోజులవి. తెల్లగడ్డం పెద్దాయన చెయ్యి ఇలా ఊపుతాడు, నలుగురు కుర్రాళ్ళు ఎగిరి అవతల పడతారు. మన పాఠం ఇక్కణ్ణుంచే మొదలు. మేడ కట్టేవాడు పునాది తవ్వుతూ కూర్చుంటే పై అంతస్తు ఎప్పటికి లేస్తుంది? ఆ నలుగురు కుర్రాళ్ళూ ఏళ్ళ తరబడి రోజూ పడి పడి, గురువు భుజం ఎటు కదిలితే ఎటు దొర్లాలో ఒంటికి పట్టించుకున్నవాళ్ళని ఎవరైనా అనొచ్చు. పట్టించుకోకండి. మీ బావమరిదిని ఎదురుగా నిలబెట్టి చెయ్యి ఊపండి. వాడు పడకపోతే తప్పు వాడిది. వాడిలో సహకారం లేదు, సాయంత్రం మీ అత్తగారికి చెప్పండి.

ఒక్కో పట్టుకి ఒక్కో శాఖ వీడియో చూడటం ఇంకా మేలు. షిహోనాగే యోషిన్‌కాన్ వాళ్ళది, ఇరిమినాగే ఐకికాయ్ వాళ్ళది, శ్వాస సంగతి తొహెయి శిష్యులది. కాళ్ళు ఒక శాఖలో, చేతులు ఇంకో శాఖలో ఉండేసరికి ఎదుటివాడికి మీరేం చేస్తున్నారో అర్థం కాదు. మీకూ కాదు. గందరగోళం కూడా ఆత్మరక్షణే.

పిల్లిమొగ్గ ఉండగా ఉకెమి ఏల?

ఇక్కడ కాస్త నిదానంగా చెప్పాలి. ఇంత చెప్పినా కొందరు మొండిగా డోజోలో చేరి పడటం నేర్చుకుంటున్నారు.

ముందుకు దొర్లడం వాళ్ళు ఎలా నేర్పుతారో వినండి. మోకాళ్ళ మీద కూర్చుని మొదలుపెట్టిస్తారు, నిలబడి కాదు. చిటికెనవేలి వైపు అంచు చాప మీద ఆనించమంటారు. చెయ్యి నిటారుగా బిగించకుండా గుండ్రంగా వంచి ఉంచమంటారు. ఆ చేతి మీదుగా మోచెయ్యి, భుజం, భుజం నుంచి వీపుకి ఏటవాలుగా అవతలి తుంటి దాకా దొర్లి, ఊపు మీదే పైకి లేవాలి. తల నేలకి తగలనే కూడదు. వెన్నుపూసల మీదుగా నిలువునా దొర్లకూడదు, ఏటవాలుగా దొర్లాలి. గడ్డం గుండెకి ఆనించి, చూపు నడికట్టు ముడి మీద పెట్టాలి. పడేటప్పుడు ఊపిరి బిగబట్టకుండా వదలాలి. ఇదే వరస కుడివైపు, ఎడమవైపు, వారాల తరబడి.

దీనికింత తతంగమెందుకు? మనందరం బళ్ళో పిల్లిమొగ్గలు వేసినవాళ్ళమే. నెత్తి నేల మీద పెట్టడం, కాళ్ళు ఎగరేయడం, నడుము ధడేలుమనిపించడం. అదే వెయ్యండి. ఒళ్ళు పెరిగింది కదా, ఎనభై కిలోల బరువు మెడ మీద పడదా అంటారా? పడుతుంది. మెడ ఉన్నది తలని మొయ్యడానికే కదా, ఒక్క క్షణం ఒంటిని మోస్తే అరిగిపోతుందా? డోజో వాళ్ళు చాపలు పరుస్తారు. మనకు వడ్లు ఆరబోసే సిమెంటు కళ్ళం ఉంది. చేలో మెత్తటి నేల కూడా ఉందనుకోండి, అక్కడ పడితే దెబ్బ తగలదు, దెబ్బ తగలనిదే నేర్చుకున్నట్టు ఇంట్లోవాళ్ళు నమ్మరు.

వెనక్కి పడేటప్పుడు ఒక కాలు మడిచి, మడమ దగ్గరగా కూర్చుంటున్నట్టు దిగి, వీపు గుండ్రంగా చేసుకుని దొర్లమంటారు. షిహోనాగే అని ఒక పట్టుంది. మీ చెయ్యి మీ భుజం వెనక్కి మడిచి తిన్నగా వెనక్కి దించుతారు. అక్కడ గడ్డం లోపలికి లేకపోతే తల వెనకభాగం నేలకి కొట్టుకుంటుంది. ఐకిడోలో తగిలే దెబ్బల్లో ఇంతకంటే చెడ్డది లేదు. అందుకే బుద్ధున్న సెన్సే కొత్తవాడికి వెనక్కి పడటం వచ్చేదాకా ఆ పట్టు వేగంగా వెయ్యనివ్వడు. నా పద్ధతిలో మొదటి పట్టే అది. గడ్డం పైకెత్తి ఆకాశం చూడండి. మన వైపు రాత్రిళ్ళు చుక్కలు బాగా కనిపిస్తాయి, పట్టు సరిగ్గా పడితే పగలూ కనిపిస్తాయి.

పడకూడదన్న నా సూత్రానికి అన్నిటికన్నా నమ్మకమైన ఆయుధం మీ అరచెయ్యి. పడబోతున్నామని తెలియగానే చెయ్యి తిన్నగా చాచి నేలకి ఆనించండి. ఎవరూ నేర్పక్కర్లేదు, పుట్టుకతో వచ్చే విద్య. ఒంటి బరువంతా మణికట్టు మీదికి, అక్కణ్ణుంచి మోచేతికి, అక్కణ్ణుంచి మెడకింది ఎముకకి పోతుంది. మూడింట్లో ఏదో ఒకటి మీ కోసం త్యాగం చేస్తుంది. అప్పుడు విరిగిన ఎముకకి పుత్తూరు కట్టు ఉండనే ఉంది. పుత్తూరు మనకు బాగా దూరం, నిజమే. కాని దారిలో తిరుపతి తగులుతుంది. చెయ్యి మెళ్ళో వేలాడేసుకుని కొండెక్కినవాడికి క్యూలో ఎవరైనా చోటివ్వకపోతారా?

తట్టకండి, వదలకండి

మణికట్టు పట్లు ఐకిడోలో చాలా ఉన్నాయి. నిక్యోలో చెయ్యి లోపలికి మెలిపెడతారు, సాంక్యోలో పైకి తిప్పుతారు, కొతెగయెషిలో బయటికి విరుస్తారు. నొప్పి పైకి పాకుతున్నట్టు తెలియగానే ఖాళీ చేత్తో చాప మీదో తొడ మీదో రెండుసార్లు తట్టాలి. ఎదుటివాడు ఆ క్షణమే పట్టు సడలించాలి. డోజోలో ఉన్న కట్టుబాట్లన్నిటికీ తల్లివేరు ఇదే. ఇది నమ్మకంగా జరిగితేనే ఒకరి చెయ్యి ఒకరి చేతిలో పెట్టగలరు.

మీరు తట్టకండి. తట్టితే ఓడినట్టే కదా? పళ్ళు బిగబట్టి నవ్వుతూ నిలబడండి. మణికట్టులో కీలుబంధనాలు సాగితే నెలల తరబడి నొప్పి పోదు. పోకపోతే మీ పట్టుదల ఊరందరికీ నెలల తరబడి తెలుస్తుంది. పత్తి తీతలకి ఒంటిచేత్తో వెళ్ళండి, మిరప కోతలకి అసలు వెళ్ళకండి. మోటారుసైకిలు క్లచ్ పట్టలేని చేత్తో దేవదుర్గ దాకా రెండో గేరులోనే పోవచ్చు.

మీరే తోరి అయి, ఎదుటివాడు తట్టాడనుకోండి. ఇంకొంచెం తిప్పండి. అతనికి పట్టు పడిందో లేదో ఖాయం చేసుకోవాలి కదా. వారం తిరిగేసరికి మీతో జతకట్టడానికి ఎవరూ రారు. ఒంటరి సాధనలో ఉన్న ఏకాగ్రత ఇంకెందులోనూ లేదు.

ఓడకూడదన్న ఇదే సూత్రాన్ని ఉకేగా ఉన్నప్పుడు ఇంకోరకంగా వాడొచ్చు. సెన్సే ముందే చేసి చూపించాడు కాబట్టి ఏ పట్టు వస్తుందో మీకు తెలుసు. అందుకని ముందే బిగుసుకోండి. చెయ్యి ఇనప కమ్మీ చేసుకుని కదలకండి. ఎదుటి అమ్మాయి ఆఫీసులో రోజంతా కంప్యూటరు ముందు కూర్చుని వచ్చింది, మీరు 75 కిలోల వడ్ల బస్తాలు లారీకెత్తినవారు. ఆమెకు పట్టు రాదు. ‘చూశారా, ఐకిడో పనిచెయ్యదు’ అని సెన్సేకి చెప్పండి. నిజమైన దాడిలో ఎదుటివాడికి ఏ పట్టు వస్తుందో ముందు తెలియదు కదా, అలా ముందే బిగుసుకున్నవాడి ముక్కు ఒక గుద్దుకి ఖాళీగా ఉంటుంది కదా అని ఆయన అనొచ్చు. వాదించండి. మిగతా క్లాసంతా నిలబడి వింటారు, మీ ఫీజు గిట్టుబాటవుతుంది.

బస్తాలెత్తే చేతులకి ఐకిడోలో అన్నిటికంటే కష్టమైంది బిగి వదలడం. మణికట్టు ఎవరైనా పట్టుకుంటే లాక్కోవద్దంటారు. పట్టుకున్న చోటుని అలాగే వదిలేసి, ముందరి పాదం మీద ఒళ్ళంతా తిప్పి, అతని పక్కకి చేరి, అతను చూసేవైపే చూడమంటారు. దాన్ని తెన్కాన్ అంటారు. అతని బలం ఖాళీలోకి పోతుంది, మీరు నెట్టాల్సిన పనే ఉండదు. గుండు ఎత్తే పోటీలో గెలిచినవాడు దీన్ని నేర్చుకోవడానికి డిగ్రీ పిల్లకంటే ఎక్కువ రోజులు తీసుకుంటాడు. ఇది అన్యాయం. కాబట్టి లాగండి. ఎవరి బలం ఎక్కువైతే వాళ్ళదే గెలుపు. దానికి ఐకిడో ఎందుకు, కుస్తీ చాలదా అని మాత్రం నన్నడక్కండి.

మొదటిరోజు వేషం, మొదటిరోజు ప్రశ్న

వేషం విషయంలో ఖర్చుకి వెనకాడకండి. కొత్తవాడు వదులు ప్యాంటు, పొడుగుచేతుల బనియనుతో వచ్చినా రానిస్తారు, నిలిచాక తెల్ల జూడో బట్టలు కొనుక్కుంటే చాలంటారు. హకామా అనే నల్ల మడతల పరికిణీ చాలా డోజోల్లో దాన్ వచ్చినవాళ్ళే కడతారు. మీరు మొదటిరోజే కట్టుకెళ్ళండి. నడవడం రాక అంచు తొక్కుకుని పడతారు, ఆ ఒక్క పడటానికీ నాకు అభ్యంతరం లేదు. కడియం, ఉంగరాలు, వాచీ ఉంచుకోండి. గోళ్ళు పెంచండి. కాళ్ళు కడుక్కోకండి. క్లాసయ్యాక పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ కలిసి చాపలు ఊడుస్తారు. ఆ సమయానికి మీకు ఫోను రావాలి.

ప్రశ్నలు ముందే తయారుచేసుకోండి. కత్తితో వస్తే? ముగ్గురొస్తే? కుస్తీ పైల్వానుకీ ఐకిడో వాడికీ పెడితే ఎవరు గెలుస్తారు? ఇవన్నీ నమస్కారం పెట్టకముందే అడగాలి. మన ముందు తరం సినిమాల్లో సుమన్‌నీ భానుచందర్‌నీ చూసి కరాటేలో చేరింది. 2003లో ‘జానీ’లో పవన్ కల్యాణ్ మార్షల్ ఆర్ట్స్ కోచ్‌గా కనిపించాక ఇంకో తరం కదిలింది. ఐకిడోకి హాలీవుడ్‌లో స్టీవెన్ సెగాల్ ఉన్నాడు. నటుడు కాకముందు జపాన్‌లో ఐకిడో నేర్పినవాడు, తొలి సినిమా 1988లో. ఆయన సినిమాల్లో ఒక్కొక్కణ్ణి ఒక్కో దెబ్బకి కిటికీలోంచి పంపిస్తాడు. మా క్లాసులో కిటికీ ఎప్పుడొస్తుందని అడగండి.

ఐకికాయ్‌లో పోటీలుండవు. గెలుపోటములుంటే సాధన చెడుతుందని స్థాపకుడి నమ్మకం. జూడో నుంచి వచ్చిన కెంజి తొమికి పోటీలు పెట్టాడు. ఆయన శాఖలో ఒకరు మెత్తటి ఉత్తుత్తి కత్తితో పొడవబోతే రెండోవారు తప్పించుకుని పట్టు వేస్తారు. ఐకికాయ్‌లో మాత్రం కప్పు లేదు, పతకం లేదు, ఎమ్మెల్యే చేతి శాలువా లేదు. మరి ఫ్లెక్సీ మీద ఏం రాయాలి?

ఫ్లెక్సీ సంగతి

బ్లాక్ బెల్ట్ అని రాయాలి. క్యూ అంటే నల్లబెల్టుకి ముందుండే మెట్టు, అయిదు నుంచి ఒకటికి దిగుతుంది. హొంబు డోజో లెక్క ప్రకారం అయిదో క్యూ పరీక్షకి 30 రోజుల సాధన కావాలి. నాలుగుకి ఇంకో 40, మూడుకి 50, రెండుకి 50, ఒకటికి 60, అది దాటాక మొదటి దాన్‌కి ఇంకో 70. వయసు పదిహేను నిండాలి. మొత్తం 300 సాధన రోజులు. వారానికి రెండు క్లాసులు వెళ్ళేవాడికి దాదాపు మూడేళ్ళు, నాట్లూ కోతలూ పెళ్ళిళ్ళూ కలుపుకుంటే ఇంకా ఎక్కువ. అదీ తొలి మెట్టేనట. ఆ నల్లబెల్టు కట్టుకున్నాకే అసలు చదువు మొదలవుతుందట.

అయిదో క్యూ పరీక్షలో అడిగేవి చూస్తే నవ్వొస్తుంది. నెత్తిన కొట్టబోయే చేతి మీద ఇక్క్యో, ఇరిమినాగే. ఒక చేత్తో మణికట్టు పట్టుకుంటే షిహోనాగే. రెండు చేతులూ పట్టుకుంటే తెంచినాగే. ఆఖర్న ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని చేసే కొక్యుహో. అంతే. ఇంత చిన్న జాబితాకి ముప్పై రోజులా అని కోపమొస్తుంది. పైగా పరీక్ష చేసే పెద్దలు తోరితో పాటు ఉకేని కూడా చూస్తారు, సరిగ్గా దాడి చేశాడా, సరిగ్గా పడ్డాడా అని.

అందుకని మూడువందల రోజుల దారి వదిలి, రెండు రోజుల క్యాంపులో డబ్బు కట్టించుకుని నల్లబెల్టు కట్టే మహానుభావుల్ని వెతకండి. ఏ విద్యకైనా ఇలాంటివాళ్ళు దొరుకుతారు. పత్రం మీద బంగారు రంగు ముద్ర, ‘వరల్డ్’ అన్న మాట, డ్రాగన్ బొమ్మ ఉంటే అసలుదే అనుకోండి. మరుసటివారం అరకేర బస్టాండు దగ్గర ఫ్లెక్సీ కట్టించండి. మీ ఫొటో నడుమ, పక్కన మీ బాబాయి, పైన నాయకులు, ఓ మూల ఉయెషిబా. ఆయన ఎవరని ఎవరైనా అడిగితే మా తాతయ్య స్నేహితుడని చెప్పండి.

అమ్మాయిలకి గంటలో ఆత్మరక్షణ

బెల్టు వచ్చాక ఊరికే కూర్చోకూడదు, నేర్పాలి. మొదట హైస్కూలు అమ్మాయిలకి. చిత్రదుర్గం కోటలో ఒనకె ఓబవ్వ రోకలి పట్టుకుని హైదరలీ సైనికుల్ని ఒక్కొక్కణ్ణీ పడగొట్టిన కథ కర్ణాటకలో చంటిపిల్లలకి కూడా తెలుసు. హాస్టలు ఆడపిల్లలకి ఆత్మరక్షణ నేర్పే సర్కారు పథకానికి ఆమె పేరే పెట్టారు. కాబట్టి సభలో ఓబవ్వతో మొదలుపెట్టి ఒక గంటలో నాలుగు మణికట్టు పట్లు చూపించండి. ‘ఇక మిమ్మల్ని ఎవరూ తాకలేరు’ అని గట్టిగా చెప్పండి, ఫొటోలు దిగండి, ఉప్మా తినండి. కొతెగయెషి గంటలో వంటబట్టదని, మొదటి రక్షణ అక్కణ్ణుంచి పరిగెత్తి అరవడమని, ఎవరికి ఫోను చెయ్యాలో ముందే తెలిసుండాలని చెబితే సభ చప్పబడిపోతుంది. వచ్చీరాని పట్టుని నమ్ముకుని పరిగెత్తాల్సిన చోట నిలబడిపోయే పిల్ల సంగతి సభ అయిపోయాక వచ్చేది. అప్పటికి మీరు ఇంకో ఊళ్ళో ఉంటారు.

ఆ తర్వాత సొంత డోజో. ఖాళీ పడ్డ పత్తి గోదాము ఒకటి అద్దెకు తీసుకోండి. చాపలకి డబ్బు పెట్టకండి, ఉప్పుసంచులు పరవండి. ఎవరైనా పడబోతే ‘పడొద్దు, పడొద్దు’ అని అరవడం ఒక్కటే మీ పని. మీకు కుడివైపు దొర్లడం రాదన్న సంగతి బయటపడకుండా ‘నేను చూపించే స్థాయి దాటాను’ అనండి. ఈ ఒక్క వాక్యంతో ఏళ్ళు లాగినవాళ్ళు కరాటేలోనూ యోగాలోనూ ఉన్నారు, ఐకిడోకి మాత్రం ఏం తక్కువ?

ఇదంతా పాటించి ఐకిడోలో అయిదో క్యూ దాకా వచ్చినవాడు నాకింకా తగల్లేదు. నా మాట కాదని డోజోకి పోయి, రోజూ పడి లేస్తున్నవాళ్ళు మాత్రం అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్ళ చేతులకి కట్లు లేవు, మాట్లాడటానికి కథలూ లేవు. మీకు నా మీద నమ్మకం చాలకపోతే హైదరాబాదు బస్సెక్కండి. ఏ డోజోలోనైనా అడిగి ఓ మూల కూర్చుని ఒక క్లాసు చివరిదాకా చూడండి. చూసొచ్చాక సలహా కోసం నా దగ్గరికి రాకండి.